యూనివర్సిటీలో తప్పటడుగు పడిన రోజే ఎందుకు తెలియదు?

స్కూల్లో పొరపాటు జరిగితే సాయంత్రానికల్లా తెలిసిపోతుంది. హోంవర్క్ చేయకపోతే టీచర్ నిలదీస్తారు. టెస్టులో మార్కులు తగ్గితే ఇంటికి కబురు వెళ్తుంది. రెండు రోజులు కనబడకపోతే ఎవరో ఒకరు ఆరా తీస్తారు. యూనివర్సిటీలో ఈ ఏర్పాటంతా ఒక్కసారిగా పోతుంది. క్లాసు ఎగ్గొడితే ఆ రోజు ఏమీ కాదు, మర్నాడూ ఏమీ కాదు. నెల రోజులు పుస్తకం ముట్టకపోయినా కొంపలేమీ మునగవు. మునిగేది పరీక్షల టైమ్‌టేబుల్ బయటికొచ్చాక, అన్నీ ఒకేసారి.

చదువులో తడబడేవాళ్ల గురించి మాట్లాడేటప్పుడు పెద్దలు బద్ధకాన్నో, సావాసాన్నో తప్పుపడతారు. అదీ కొంత నిజమే. కానీ స్కూల్లో ఫస్టొచ్చినవాళ్లు, ప్రవేశ పరీక్ష కోసం రాత్రింబవళ్లు కష్టపడినవాళ్లు కూడా మొదటి ఏడాదే బోల్తా పడుతుంటారు. వాళ్లకు బద్ధకమంటే ఎవరూ నమ్మరు. అసలు చిక్కు వేరే చోట ఉంది. చేసిన పనికీ దాని ఫలితానికీ మధ్య దూరం పెరిగింది. ఆ మధ్యకాలంలో విద్యార్థికి దారి చూపేది 'బాగానే నడుస్తోంది' అన్న సొంత అంచనా ఒక్కటే. ఆ అంచనా ఎక్కడెక్కడ తప్పు చెబుతుందో ముందే తెలిస్తే సగం గోతులు తప్పించుకోవచ్చు.

అర్థమైపోయిందనే భ్రమ

అన్నిటికన్నా లోతైన గొయ్యి ఇదే కాబట్టి కాస్త వివరంగా చూడాలి. పరీక్షకు వారం ముందు ఒక విద్యార్థి చాప్టర్ తెరిచాడనుకుందాం. మొదటిసారి చదివితే కష్టంగా ఉంది. ముఖ్యమనుకున్న లైన్ల మీద పసుపు మార్కర్‌తో గీశాడు. రెండోసారి సులువుగా సాగింది. మూడోసారికి తర్వాతి వాక్యం ఏమిటో కూడా ముందే తెలుస్తోంది. ఇక వచ్చేసినట్టేనని తర్వాతి చాప్టర్‌కు వెళ్లిపోయాడు. అలా వెళ్లకుండా పుస్తకం మూసి, తెల్లకాగితం మీద ఆ చాప్టర్‌లోని ఒక్క డెరివేషన్‌ను మొదటి నుంచి రాయబోతే? మొదటి రెండు లైన్లు పడతాయి. మూడో లైన్‌లో మైనస్ గుర్తు ఎక్కడినుంచి వచ్చిందో తోచదు. పుస్తకం తెరిచి చూడగానే 'ఓ, ఇదేగా!' అనిపిస్తుంది. పరీక్ష హాల్లో ఆ 'ఇదేగా' పనికిరాదు. ఎదురుగా ఉంటే గుర్తుపట్టడం ఒక పని, ఎదురుగా లేనప్పుడు గుర్తు తెచ్చుకోవడం ఇంకో పని. మళ్లీ మళ్లీ చదివితే పెరిగేది ఎక్కువగా మొదటిది.

అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ 2006లో దీన్ని సూటిగా పరీక్షించారు. విద్యార్థులకు చిన్న పాఠాలు ఇచ్చారు. ఒక పాఠాన్ని రెండుసార్లు చదివించారు, ఇంకోదాన్ని ఒకసారి చదివించి, తర్వాత చూడకుండా గుర్తున్నంత రాయించారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే రెండుసార్లు చదివినదే ముందుంది: 81 శాతం గుర్తుంది, రాసి చూసుకున్నది 75 శాతమే. వారం తర్వాత అడిగితే లెక్క తారుమారైంది. రెండుసార్లు చదివినది 42 శాతానికి పడిపోయింది, రాసి చూసుకున్నది 56 దగ్గర నిలబడింది. ఇంకో సంగతి కూడా బయటపడింది. వారం తర్వాత ఎంత గుర్తుంటుందని ముందే అడిగినప్పుడు, ఎక్కువ ధీమాగా ఉన్నది మళ్లీ మళ్లీ చదివినవాళ్లే.

పరీక్ష ముందు రాత్రి కూర్చుని చదివే పద్ధతి ఎందుకు చావదో ఇక్కడే అర్థమవుతుంది. తెల్లవారి పరీక్షకు అది ఎంతో కొంత పనిచేస్తుంది. పాస్ మార్కులు వస్తాయి, పద్ధతి మీద నమ్మకం కుదురుతుంది. తర్వాతి సెమిస్టర్‌లో అదే సబ్జెక్టు రెండో భాగం మొదలైనప్పుడు మొదటి భాగం బుర్రలో ఉండదు. అప్పుడు విద్యార్థి అనుకునేది 'ఈ సబ్జెక్టు మరీ కష్టం' అని.

క్లాసులోనూ ఇదే తంతు. హార్వర్డ్ ఫిజిక్స్ క్లాసుల్లో లూయీ డెస్లోరియే బృందం చేసిన అధ్యయనం 2019లో వెలువడింది. కొందరు చక్కటి ఉపన్యాసం విన్నారు. మరికొందరు అదే పాఠాన్ని చిన్న గ్రూపుల్లో లెక్కలు చేస్తూ, తప్పులు చేస్తూ నేర్చుకున్నారు. టెస్టు పెడితే రెండోవాళ్లకే ఎక్కువ వచ్చింది. కానీ ఎంత నేర్చుకున్నారని అడిగితే, ఎక్కువ నేర్చుకున్నామన్నది ఉపన్యాసం విన్నవాళ్లు. ఏ ప్రొఫెసర్ బాగా చెబుతారు, ఏ వీడియో ఛానల్ సూపర్ అని విద్యార్థులు చేసుకునే చర్చల్లో ఈ సంగతి ఎప్పుడూ రాదు. వింటున్నంతసేపూ హాయిగా సాగిపోయిన పాఠం తర్వాత ఎంత మిగిలిందో చూసుకోవాల్సిందే.

చదువు పద్ధతులు పదింటిని జాన్ డన్‌లాస్కీ బృందం 2013లో బేరీజు వేసింది. అండర్‌లైన్ చేయడం, మళ్లీ చదవడం అడుగున నిలిచాయి. తనకు తాను పరీక్ష పెట్టుకోవడం, చదువును రోజుల మీదకు విడగొట్టుకోవడం ఈ రెండే పై స్థాయి దక్కించుకున్నాయి. అంటే మార్కర్ పారేయమని కాదు. గీసిన తర్వాత పుస్తకం మూసే పని కూడా ఉందని. క్లాసు అయిన రోజు రాత్రి పది నిమిషాలు, మూడో రోజు పది నిమిషాలు, వారం తర్వాత పది నిమిషాలు నోట్స్ చూడకుండా గుర్తున్నది రాసుకోవాలి. తర్వాత నోట్స్ తెరిచి, రానివి మాత్రమే చదువుకోవాలి. ఇది చిరాకు పుట్టించే పనే. ఆ చిరాకు చూసే చాలామంది రెండో వారానికి మానేస్తారు.

ఖాళీగా కనిపించే టైమ్‌టేబుల్

స్కూల్లో ఉదయం నుంచి సాయంత్రం దాకా క్లాసులే. యూనివర్సిటీ టైమ్‌టేబుల్‌లో గళ్లు ఖాళీగా కనిపిస్తాయి. రెండు క్లాసుల మధ్య మూడు గంటలు, వారం మధ్యలో సగం రోజు ఖాళీ. దాన్ని తీరిక అనుకోవడం మొదటి సెమిస్టర్‌లో చేసే సర్వసాధారణమైన పొరపాటు. యూరప్ దేశాల క్రెడిట్ విధానంలో ఈ లెక్కను దాచకుండా చెబుతారు. పూర్తి ఏడాది చదువంటే 60 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల పని. అంటే ఏడాదికి 1500 నుంచి 1800 గంటలు. నలభై వారాలకు పంచితే వారానికి దాదాపు 38 నుంచి 45 గంటలు, ఒక పూర్తిస్థాయి ఉద్యోగమంత. క్లాసులు అందులో ఒక భాగమే, మిగతాదంతా ఆ ఖాళీ గళ్లలోనే జరగాలి. మిగతా చోట్ల అంకెలు వేరుగా ఉండొచ్చు గానీ, క్లాసు గంటలే చదువు మొత్తం అనుకోకూడదు.

గంటలు ఎన్ని కావాలో తెలిసినా, ఒక్కో పనికి ఎంత పడుతుందో అంచనా వేయడంలో మనిషి మహా ఆశావాది. 1994లో రోజర్ బ్యూలర్, ఆయన సహచరులు థీసిస్ రాస్తున్న విద్యార్థులను ఎప్పటికి పూర్తిచేస్తారని అడిగారు. సగటున 34 రోజులన్నారు. అన్నీ ఎదురుతిరిగితే ఎంత పడుతుందని అడిగితే 49 రోజులన్నారు. నిజానికి పట్టింది సుమారు 56 రోజులు. అంటే అన్నీ ఎదురుతిరిగితే అని ఊహించిన గడువు కూడా చాల్లేదు. ఇక్కడ పనికొచ్చే చిట్కా ఒకటే: ఈ అసైన్‌మెంట్ ఎంతలో అవుతుందని కాకుండా, ఇంతకుముందు ఇలాంటిది ఎంతలో అయిందని తనను తాను అడగాలి. పోయినసారి మూడు రోజులనుకున్నది ఆరు రోజులైతే, ఈసారీ ఆరే.

వాయిదా వేయడం దీనికి తోడవుతుంది. డయాన్ టైస్, రాయ్ బౌమైస్టర్ 1997లో విద్యార్థులను సెమిస్టర్ మొదట్లో, చివర్లో పోల్చి చూశారు. మొదట్లో వాయిదాదారులే హాయిగా ఉన్నారు, టెన్షన్ తక్కువ, ఒంట్లో నలతలూ తక్కువ. చివరికొచ్చేసరికి రెండూ మిగతావాళ్లను మించిపోయాయి, మార్కులూ తగ్గాయి. అంటే వాయిదా వేసేవాళ్లకు వారాల తరబడి తమ పద్ధతి సరైందేనన్న రుజువు రోజూ దొరుకుతూ ఉంటుంది. పని మొదలుపెట్టలేకపోవడం వెనక తరచూ ఉండేది సోమరితనం కన్నా భయం, విసుగు, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోవడం. కాబట్టి 'రిపోర్టు రాయాలి' అని డైరీలో రాసుకుంటే అది అక్కడే ఉండిపోతుంది. 'ఫైల్ తెరిచి హెడ్డింగులు నాలుగు పెట్టాలి' అని రాసుకుంటే కదులుతుంది.

మొదటి ఏడాది మార్కుల గురించి సీనియర్లు చెప్పే మాట ఒకటుంది: 'ఇప్పుడు ఎంజాయ్ చెయ్, తర్వాత కవర్ చేసుకోవచ్చు.' దీన్ని కాగితం మీద పెట్టి చూస్తే మంచిది. పది పాయింట్ల స్కేలు, సమానమైన ఎనిమిది సెమిస్టర్లు, చివరికి సగటు 8 కావాలి. మొదటి సెమిస్టర్‌లో 5 వస్తే మిగతా ఏడింటిలో సగటున 8.43 తేవాలి. ఫర్వాలేదు, కష్టపడితే వస్తుంది. మొదటి రెండింటిలో 5 చొప్పున వస్తే మిగతా ఆరింటిలో 9. మూడింటిలో అలా వస్తే మిగతా ఐదింటిలో 9.8. నాలుగింటిలో అలా వస్తే మిగిలిన నాలుగింటిలో 11 కావాలి, పది పాయింట్ల స్కేలు మీద! సీనియర్ల మాట ఒక్క సెమిస్టర్ వరకే నిజం. దీనికి బ్యాక్‌లాగులు తోడైతే కథ ఇంకా బిగుస్తుంది. పాత పేపర్ పరీక్ష, కొత్త సెమిస్టర్ పరీక్ష ఒకే వారంలో పడతాయి. పాతదాని కోసం చదివిన గంటలన్నీ కొత్తదాని నుంచి కోసుకున్నవే.

అటెండెన్స్, స్క్రీన్, నిద్ర

అటెండెన్స్‌ను చాలామంది నిబంధనగానే చూస్తారు. శాతం సరిపోతే చాలు, మిగతాది ప్రాక్సీ. మార్కస్ క్రెడే బృందం 2010లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, కాలేజీ మార్కులతో క్లాసు హాజరుకున్న సంబంధం, ప్రవేశ పరీక్ష స్కోరుకున్న సంబంధం కన్నా బలంగా తేలింది. నిబంధన పెట్టి హాజరు పెంచితే మార్కులు పెద్దగా పెరగలేదన్నది కూడా అందులోనే ఉంది. కాబట్టి బెంచీ మీద కూర్చోవడంలో మహిమేమీ లేదు. ఏది ముఖ్యమో, ప్రొఫెసర్ దేన్ని నొక్కి చెబుతున్నారో, డెడ్‌లైన్ ఎప్పటికి మారిందో తెలిసేది అక్కడ కావడం వల్లే తేడా వస్తుంది.

అక్కడ కూర్చుని ల్యాప్‌టాప్‌లో వేరే ట్యాబులు తిప్పితే ఆ లాభమూ పోతుంది. ఫారియా సనా, ఆమె సహచరుల 2013 ప్రయోగంలో అలా చేసినవాళ్ల మార్కులే కాదు, వెనక కూర్చుని వాళ్ల స్క్రీన్ కంటపడినవాళ్ల మార్కులు కూడా తగ్గాయి. ముందు వరుసలో కూర్చోమనే పాతకాలపు సలహాకు ఇంతకన్నా మంచి కారణం అక్కర్లేదు.

నిద్ర విషయంలో సొంత అంచనా మరీ ఘోరం. హాన్స్ వాన్ డాంగెన్ బృందం 2003లో కొందరిని రెండు వారాల పాటు రాత్రికి ఆరు గంటలే, మరికొందరిని నాలుగు గంటలే నిద్రపోనిచ్చింది. రెండు వారాలయ్యేసరికి వాళ్ల ఏకాగ్రత ఒకటి రెండు రాత్రులు అసలు కన్నుమూయనివాళ్ల స్థాయికి దిగజారింది. అయినా వాళ్లకు అంత నిద్ర వస్తున్నట్టు అనిపించలేదు, అలవాటైపోయిందనే అనుకున్నారు. 'నాకు ఐదు గంటలు చాలు' అనేవాళ్ల మాటను ఈ వెలుగులో వినాలి. పరీక్ష ముందు నైట్‌అవుట్ చేసి అదనంగా చదివిన రెండు చాప్టర్లు, తెల్లారి పరీక్షలో, చదివినవాటిని కలిపి ఆలోచించాల్సిన ప్రశ్న దగ్గర తేలిపోతాయి.

'అందరికీ వస్తోంది, నాకే రావట్లేదు'

క్లాసులో ప్రొఫెసర్ 'డౌట్లున్నాయా?' అని అడుగుతారు. ఎవరూ చెయ్యెత్తరు. ప్రతి ఒక్కరూ అటూ ఇటూ చూసి, మిగతావాళ్లకు అర్థమైంది కాబట్టే అడగట్లేదనుకుంటారు. తాము అడగనిది మాత్రం భయపడి అని తెలుసు. ఇలా అందరూ ఒకరినొకరు తప్పుగా చదువుకుంటారు. ఆ మౌనమే రుజువైపోతుంది. స్కూల్లో అందరికన్నా ముందుండి వచ్చినవాళ్లకు ఈ దెబ్బ గట్టిగా తగులుతుంది. అక్కడ ఫస్టొచ్చినవాళ్లంతా ఇక్కడ ఒకే గదిలో చేరారు, వాళ్లలో సగం మంది కింది సగంలో ఉండక తప్పదు. పొలీన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ 1978లో వర్ణించిన మానసిక స్థితి ఇలాంటిదే. ఎన్ని విజయాలున్నా 'అదృష్టం వల్ల ఇక్కడిదాకా వచ్చాను, ఏదో రోజు దొరికిపోతాను' అనుకునే చదువుకున్న స్త్రీల గురించి వాళ్లు రాశారు. ఆ భావన మగవాళ్లలోనూ ఉంటుందని తర్వాతి పరిశోధనలు చూపాయి.

ఇది మనసు బాధపడటంతో ఆగితే ఇక్కడ రాయాల్సిన పని లేదు. దొరికిపోతామన్న భయంతో విద్యార్థి ప్రొఫెసర్ గదికి వెళ్లడు, గ్రూపు చదువులో చేరడు, మొదటి టెస్టులో మార్కులు తగ్గితే జవాబు పత్రం తీసుకోవడానికి కూడా వెళ్లడు. సరిగ్గా అక్కడే తన తప్పు ఏమిటో రాసి ఉంటుంది. చదువు మధ్యలో మానేసేవాళ్లపై 1975 నుంచి రాసిన విన్సెంట్ టింటో ఒక విషయాన్ని పదేపదే చెప్పారు: తెలివితేటలతో పాటు, ఆ చోటుకు, అక్కడి మనుషులకు, అక్కడి చదువుకు తాను చెందినవాడినన్న భావన కుదిరిందా లేదా అన్నది నిలబడటాన్ని నిర్ణయిస్తుంది. అందుకే మొదటి నెలలో ఇద్దరు క్లాస్‌మేట్లతో కలిసి లెక్కలు చేసే అలవాటు పడటం, పది ప్రేరణ వీడియోల కన్నా ఎక్కువ పనిచేస్తుంది. మరీ కుంగిపోతే, నిద్రాహారాలు పాడైతే కౌన్సెలర్ దగ్గరకు వెళ్లాలి. అది చదువు సమస్య దాటిపోయింది కాబట్టి.

రాత్రి రెండు గంటల కాపీ

సాహిత్య చౌర్యం చేయాలని సెమిస్టర్ మొదట్లో ఎవరూ అనుకోరు. అది రాత్రి రెండు గంటలకు, తెల్లారి తొమ్మిదికి రిపోర్టు ఇవ్వాల్సి ఉండగా జరుగుతుంది. చాలాసార్లు కావాలని కూడా జరగదు. మూడు వారాల కింద ఎక్కడినుంచో తీసి ఫైల్‌లో అతికించుకున్న పేరా, ఇప్పుడు తన సొంత వాక్యంలా కనిపిస్తుంది. నోట్స్ రాసేటప్పుడే ఇతరుల మాటలకు వేరే రంగు పెట్టి, పక్కనే ఎక్కడిదో రాసుకుంటే ఈ ప్రమాదం పుట్టదు. గ్రూపు ప్రాజెక్టులో పక్కవాడు అతికించిన పేరాకు కూడా పేరున్న అందరూ జవాబుదారీ అవుతారు. సమర్పించే ముందు అందరి భాగాలూ ఒకసారి చదవాలి.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక గొయ్యి రూపం మారింది. ఏది అనుమతో, ఏది కాదో ఒక్కో కోర్సుకు ఒక్కో తీరుగా ఉంటుంది, అడిగి తెలుసుకోవడమే దారి. పట్టుబడటం కన్నా పెద్ద నష్టం ఇంకొకటుంది. మొదట చెప్పుకున్న భ్రమకు ఇది ఇంకో పేరు. యంత్రం రాసిన జవాబు చదివితే అంతా అర్థమైనట్టే ఉంటుంది, ఎందుకంటే చేసింది గుర్తుపట్టడమే. ముందు తను ప్రయత్నించి, ఎక్కడ ఆగిపోయాడో అక్కడ మాత్రమే దాన్ని అడిగి, తర్వాత మూసేసి మళ్లీ సొంతంగా రాస్తే అది ట్యూటర్. లేదంటే తన బదులు వేరేవాళ్లు వ్యాయామం చేస్తుంటే చూస్తూ కూర్చోవడమే.

డబ్బు గురించి ఒక్క మాట. అప్పు కూడా ఆలస్యంగా తెలిసే తప్పే. ఏడాదికి 24 శాతం చక్రవడ్డీ మీద తీసుకున్న మొత్తం, కట్టకుండా వదిలేస్తే సుమారు మూడేళ్లలో రెట్టింపవుతుంది. మూడేళ్ల డిగ్రీ పూర్తయ్యేంత కాలం.

గడువుకు ముందు, గడువు తర్వాత

సెమిస్టర్ మొదటి రోజు ఇచ్చే కోర్సు ప్లాన్‌ను చాలామంది డౌన్‌లోడ్ చేసి మళ్లీ తెరవరు. అందులో ఏ టెస్టుకు ఎన్ని మార్కుల వాటా ఉందో, ఆలస్యంగా ఇస్తే ఎంత కోత పడుతుందో ఉంటుంది. అకడమిక్ క్యాలెండర్‌లో, చాలా యూనివర్సిటీల్లో, కోర్సును ట్రాన్‌స్క్రిప్ట్‌కు (మార్కుల రికార్డుకు) దెబ్బ తగలకుండా వదులుకునే ఆఖరి తేదీ కూడా ఉంటుంది. ఆ తేదీని ఫోన్‌లో పెట్టుకుని, దానికి వారం ముందు ఒక పాత ప్రశ్నపత్రం తీసి, టైమ్ పెట్టుకుని, పుస్తకం చూడకుండా రాయాలి. అప్పుడు వచ్చే మార్కు ఎంత ఘోరంగా ఉన్నా, దాన్నిబట్టి ఏదో ఒకటి చేయడానికి ఇంకా వీలుంటుంది.

చేయాల్సినవాటిలో మొదటిది ప్రొఫెసర్‌ను కలవడం. 'సార్, ఏమీ అర్థం కావట్లేదు' అని మెయిల్ పెడితే ఆయనకూ ఏం చెప్పాలో తోచదు. 'మూడో చాప్టర్ నుంచి వెనకబడ్డాను. 4, 7 లెక్కలు ప్రయత్నించాను, రెండింటిలోనూ హద్దు షరతులు పెట్టే దగ్గర ఆగిపోయాను. చేసినంతవరకు ఫొటో జత చేశాను. ఎప్పుడు రావచ్చు?' అని రాస్తే పావుగంటలో తేలిపోయే విషయం కావచ్చు. జబ్బు చేసినా, ఇంట్లో ఇబ్బంది వచ్చినా ఇంతే. గడువుకు ముందు చెబితే తేదీ పొడిగించడం చాలాచోట్ల ప్రొఫెసర్ చేతిలో పని. గడువు దాటాక అదే కారణం చెబితే ఫైలు పరీక్షల విభాగానికి వెళ్తుంది, అక్కడ ముందుగా అడిగేది మెడికల్ సర్టిఫికెట్టు, దాని మీద తేదీ.